మాటల గాదె

పాఠ్యభాగము: నెహెమ్యా 8:1-12



చెరనుండి తిరిగివచ్చిన యూదులు ఏడవ నెల మొదటి దినమున యెరూషలేములో నీటి గుమ్మము ఎదుటనున్న మైదానములో కూడుకొనిరి. ఎజ్రా కఱ్ఱతో చేసిన పీఠమెక్కి ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్ర గ్రంథమును చదివెను. ఈ సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు సహితము తెలియును. అయితే ఏడవ వచనములో 13 మంది పేర్లు వరుసగా ఉన్నవి. పలుకుట కష్టమగుటచేత గుడిలో చదువువారు వాటిని గబగబ దాటిపోవుదురు. దాటిపోవలసిన పేర్లు కావవి. ఆ 13 మందియు లేవీయులతో కలిసి జనుల మధ్య నిలిచి, చదివినదానికి అర్థము చెప్పినవారు.

తమ గ్రంథమునకు తమవారికే అర్థము చెప్పవలసిన అవసరమేమి? పరదేశములో పుట్టి పెరిగిన తరమునకు అరామిక భాష అలవాటైనది. పితరుల హెబ్రీ మాటలు చెవికి వినబడుచుండెను గాని మనస్సులోనికి దిగుట లేదు. కొంతకాలమైన తరువాత కూడ పిల్లలలో సగముమంది అష్డోదు భాష మాట్లాడుచు యూదుల భాష ఎరుగకుండిరని అదే గ్రంథము 13వ అధ్యాయములో నెహెమ్యా మండిపడుచున్నాడు. ఆ దినమున నీటి గుమ్మము నొద్ద జనులు మొదట ఏడ్చిరి, పిమ్మట తిని త్రాగి సంతోషించిరి. సంతోషమునకు కారణము 12వ వచనములో ఉన్నది. తమకు చెప్పిన మాటలు వారికి బోధపడినవి.

మాట బోధపడుట అంత సంతోషకరమైన సంగతియా అని కొందరడుగవచ్చును. మాట తెలియకపోవుట ఎంత నష్టమో గ్రామములలో తిరుగు మాకు దినదినము కనబడుచున్నది. అందుచేత ఈ నెల పాఠమును మాటలను గూర్చియే వ్రాయుచున్నాము.

మన తెలుగు బైబిలులోని మాటలు ఎట్లు వచ్చినవో మొదట కొంచెము తెలిసికొందము. 1805లో లండను మిషను వారు జార్జి క్రాను, ఆగస్టసు దెగ్రాంజి అను ఇద్దరిని విశాఖపట్టణమునకు పంపిరి. వారికి ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి తోడ్పడెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చుపడెను. అప్పటికే క్రానుగారును దెగ్రాంజిగారును ప్రభువునందు నిద్రించియుండిరి. ఆ తరువాత అనేకులు ఆ పనిని సాగించి, దిద్ది, మరల దిద్దిరి. ఏ తరమువారైనను పండితుల సాయముతోనే పని చేసిరి గనుక పండితుల మాటలే ఎక్కువగా పడినవి. ఇక 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతములో వేలుంపల్లి నొద్ద, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినముననే బాప్తిస్మము పొందిరి. కరవు పీడించిన రోజులవి. వారిలో ఎక్కువమంది బడి గుమ్మము తొక్కనివారు.

సంవత్సరములను పోల్చి చూడుడి. మాటలు ముందు వచ్చినవి, మన తాత ముత్తాతలు తరువాత వచ్చిరి. కొలత తీయకముందే కుట్టి ఉంచిన చొక్కావంటిది అది. ఒకచోట వదులు, ఒకచోట బిగువు. బైబిలు అర్థముకాదని చెప్పు సహోదరులు తమకు తెలివి చాలదని తలవంచుకొనుచున్నారు. వారి తెలివికేమి లోటు లేదు. ఆ చొక్కాలో చేతులు ఎట్లు దూర్చవలెనో చెప్పువారు లేకపోయిరి, అంతే.

'సమాధానము' అను మాట తీసికొనుడి. బడిలో ఉపాధ్యాయుడు ప్రశ్న వేసిన, పిల్లవాడు సమాధానము చెప్పును. అదే పిల్లవాడు గుడిలో, ప్రభువు శిష్యులతో మీకు సమాధానము కలుగునుగాక అని చెప్పెనని వినినప్పుడు, ప్రశ్న ఎక్కడ అని వెదకును. ఆ మాటకు మూలార్థము చక్కగా కూర్చి కుదురుగా నిలుపుట. చెదరిన మనస్సు కుదుటబడినను సమాధానమే, తగవు తీరి ఇద్దరు కలిసినను సమాధానమే, సందేహము తీరినను సమాధానమే. హెబ్రీలోని షాలోము అను మాటలో కొరతలేని క్షేమము అను భావమున్నది. ఈ రెండును తెలిసినవానికి ఆ వచనము వేరుగా వినబడును.

'విశ్వాసము' కూడ అట్టిదే. మన ఇరుగుపొరుగువారి నోట ఈ మాట ఎక్కువగా కుక్కను గూర్చి వినబడును. తిన్న ఇంటిని మరువదని, విశ్వాసముగల జంతువని చెప్పుదురు. మనము 'విశ్వాసి' అని చెప్పుకొనినప్పుడు వారిలో కొందరు చిరునవ్వు నవ్వుటకు అది ఒక కారణము. నవ్వనిండు. గ్రీకు మూలములోని 'పిస్తిసు' అను మాటకు నమ్ముట, నమ్మకముగానుండుట అను రెండు అర్థములును ఉన్నవి. మన పొరుగువాడు వాడు అర్థము తప్పు కాదు. మనము మరచిన సగమది.

బైబిలులో కష్టమైన మాటలన్నియు పండితులవే అనుకొనవద్దు. కొన్ని మన కళ్లములోనివి, మన సంతలోనివి. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయములో 'సంచకరువు' అను మాట ఉన్నది. చదువుకున్న యౌవనస్థులను అడిగి చూచితిమి. ఒక్కరును చెప్పలేకపోయిరి. సంతలో ఎద్దుల జత బేరము కుదిరినప్పుడు మీరేమి చేయుదురు? సొమ్మంతయు చేతిలో లేదు గనుక కొంత ముందుగా ఇచ్చి బేరమును కట్టుదురు. తెలంగాణములో దానిని బయానా అందురు, కోస్తాలో బజానా అందురు, ఇప్పుడు అందరును అడ్వాన్సు అనుచున్నారు. సంచకరువు అనగా అదియే. గ్రీకులో ఆ చోటనున్న 'అర్రబోను' కూడ వర్తకుల మాటయే, తూర్పు దేశపు వ్యాపారుల నోట వచ్చి గ్రీకులో కలిసినది. బయానా ఇచ్చినవాడు వెనుకకు పోయిన ఇచ్చినది పోగొట్టుకొనునని మీకెవరును నేర్పనక్కరలేదు. ఆ వచనములో బయానా ఇచ్చువాడు దేవుడు. ఇంత చెప్పిన తరువాత పశువుల బేరగానికి ఎఫెసీ పత్రికను మేము నేర్పవలెనా, అతడు మాకు నేర్పవలెనా?

'విమోచనము' మరియొకటి. ప్రతి ప్రార్థనలో పలుకుచున్నాము. లేవీయకాండము 25వ అధ్యాయము తీసి చూచిన, బీదవాడై భూమిని అమ్ముకొనిన సహోదరుని పొలమును దగ్గర చుట్టము వచ్చి విడిపించు సంగతి కనబడును. తాకట్టు పెట్టిన పుస్తెలను విడిపించుకొని ఇంటికి తెచ్చిన దినము మీకు జ్ఞాపకమున్నదా? ఆ దినమున వంట వేరు, ముఖము వేరు. విమోచనము అనగా అదియే.

ఇక్కడ పొలముల మాట వచ్చినది గనుక బైబిలును కొంచెము ప్రక్కనుంచి దస్తావేజులను గూర్చి చెప్పవలెను. మాట తెలియక మనవారు పోగొట్టుకొనిన దానిలో భూమియే ఎక్కువ. పెండ్లికో వైద్యమునకో అప్పు తీసికొని, తనఖా కాగితము అనుకొని వేలిముద్ర వేయుదురు. కాగితములో 'శుద్ధ క్రయము' అని యుండును. వ్రాసినవాడు చదివి వినిపించును. వినబడును గాని తెలియదు. ఆ మాట అడుగుటకు సిగ్గు. అందరి ఎదుట తెలియదని చెప్పుటకంటె ముద్ర వేయుట సులభము. పది సంవత్సరములకు అప్పు తీర్చబోయిన, పొలము అమ్మివేసితివి గదా అను జవాబు వచ్చును.

కాబట్టి ఈ మాటలు సంఘములో ప్రతి ఇంటివారును నేర్చుకొనవలెను. 'క్రయము' లేక 'విక్రయము' అనిన అమ్మకము, భూమి పోయినట్లే. 'తనఖా' అనిన అప్పుకు హామీ, భూమి మీదే. 'స్వాధీన తనఖా' అనిన భూమి మీదేగాని అప్పిచ్చినవాడు దానిని పట్టుకొని ఫలసాయము అనుభవించును. 'కౌలు' అనిన దున్నుకొనుటకు మాత్రమే హక్కు. మరియొకటి కలదు, అది మిక్కిలి జాగ్రత్తగా చూడవలసినది. పైకి అమ్మకమువలె వ్రాసి, ఇన్నాళ్లలో సొమ్ము తిరిగి ఇచ్చిన భూమి తిరిగి ఇత్తునను షరతు పెట్టుదురు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 58వ సెక్షను దీనిని కూడ ఒక విధమైన తనఖాగానే ఒప్పుకొనుచున్నది. కాని 1929లో చేసిన సవరణ ప్రకారము ఆ షరతు అదే దస్తావేజులో వ్రాసియుండవలెను. రచ్చబండమీద నలుగురి ఎదుట నోటితో ఇచ్చిన మాటగాని, విడిగా వ్రాసిన చీటిగాని దానిని తనఖాగా చేయజాలదు. 'అట్లే తిరిగి ఇత్తునులేరా' అను తియ్యని మాటకు కోర్టులో బలము లేదు.

యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొని, క్రయపత్రము వ్రాసి, ముద్రవేసి, సాక్షులను పెట్టి, ముద్రవేసిన ప్రతిని, విప్పియున్న ప్రతిని రెంటిని మంటికుండలో భద్రము చేయించెను. 32వ అధ్యాయము చదువుడి. దేశము శత్రువుల చేతికి పోవుచున్న సమయమున ప్రవక్త ఇంత శ్రద్ధగా కాగితములు వ్రాయించుకొనెను. భక్తిగలవానికి దస్తావేజుల గొడవ ఎందుకను సహోదరులు ఆ అధ్యాయమును రెండుసార్లు చదువవలెను.

ఆసుపత్రిలో కూడ మాటల కరవు మనలను బాధించుచున్నది. వైద్యుడు ఏమైనదని అడిగిన, 'నొప్పండి' అని ఊరకుందురు. మన తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నవో! గోరుచుట్టు సలుపును. చెవిలో పోటు వచ్చును. జ్వరము వచ్చుటకు ముందు ఒళ్లు తీపులు పుట్టును. కడుపులో మంట, కాలికి తిమ్మిరి, పిక్క పట్టుట, నరము లాగుట, కళ్లు తిరుగుట, గుండె దడ, ఆయాసము, వికారము – ఇవన్నియు వేర్వేరు సంగతులు. మన నాయనమ్మలు ఏ మాటను ఎక్కడ వాడవలెనో ఎరిగియుండిరి. ఇప్పటి పిల్లలు అన్నిటికిని 'పెయిన్' అను ఒక్క మాట చెప్పుచున్నారు. రొమ్ముమీద బండ పెట్టినట్లు బరువుగా ఉండి, ఎడమ చేతికో దవడకో లాగుచు, చెమటలు పట్టినయెడల అది గుండెపోటు కావచ్చును. దానిని 'గ్యాసు' అని చెప్పి ఇంటిలో సోడా త్రాగి పడుకొనినవారిని మేము భూస్థాపన చేసితిమి. బరువు, లాగుట, చెమట అను మూడు మాటలు వేళకు పలికినయెడల పరుగెత్తుటకు కొంత వ్యవధి దొరకును. స్త్రీలు తమ శరీరమునకు సంబంధించిన మాటలు పలుకుటకు సిగ్గుపడి వ్యాధి ముదిరిన తరువాత వచ్చుచున్నారు. స్త్రీల కూటములలో పెద్ద వయస్సు సహోదరీలు చిన్నవారికి ఆ మాటలు నేర్పుట మంచిది. పాపము మాటలో లేదు.

మనస్సుకును ఇదే వర్తించును. భార్యాభర్తల తగవులు తీర్చుటకు మమ్మును పిలుచునప్పుడు, 'కోపమొచ్చింది, కొట్టినాను' అని చెప్పువారే ఎక్కువ. అది నిజముగా కోపమా? కొన్నిసార్లు అలసటవలన చిరాకు. కొన్నిసార్లు అలక. నలుగురిలో తలదించుకొనవలసి వచ్చినప్పుడు పుట్టునది ఉక్రోషము. ఎన్నాళ్లో మ్రగ్గినది కసి. పౌలు కూడ కోపమును, క్రోధమును, ద్వేషమును ఒకటిగా కలిపివేయక విడివిడిగా పేర్కొనుచున్నాడు. పేరు తెలిసిన పామును వేరుగా పట్టవచ్చును. 'నీ మాటకు నలుగురిలో చిన్నబోయితిని' అని భార్యతో చెప్పగల మగవాడు చెయ్యి ఎత్తవలసిన పని ఉండదు. చెప్పుటకు మాట దొరకనప్పుడే చెయ్యి లేచుచున్నది. ఇంటిలో 'ఏమే', 'ఒసే' తప్ప భార్యకు వేరు పిలుపు తెలియనివారు, ఈ విషయములో గుడిలో కూర్చున్న మాటలు ఇంటికి కూడ తీసికొనిపోవలెనని మా మనవి.

ప్రార్థన సంగతి కొంచెమే చెప్పుదుము. గంటసేపు ప్రార్థించువారి ప్రార్థనలో కొన్నిసార్లు లెక్కకు పది మాటలుండును, అవే తిరుగుచుండును. 119వ కీర్తన చూడుడి. 176 వచనములు, ఒకే సంగతి, దేవుని వాక్యము. అయినను విసుగు పుట్టదు. ధర్మశాస్త్రము, శాసనములు, ఉపదేశములు, కట్టడలు, ఆజ్ఞలు, న్యాయవిధులు, వాక్యము అని పేరు మార్చి మార్చి ఒక రత్నమును అన్ని వైపులనుండి వెలుగుకు త్రిప్పి చూపుచున్నాడు. ప్రేమించినదానికి పేర్లు ఎక్కువ. పసిబిడ్డను తల్లి ఎన్ని పేర్లతో పిలుచునో వినలేదా?

మాటలవలన మనుష్యుడు ఎంత దూరము పోగలడో చూపుటకు గుఱ్ఱము జాషువాగారి పేరు చాలును. 1895లో వినుకొండలో, మనవంటి క్రైస్తవ కుటుంబములో, అంటరానివారని ఊరు వెలివేసిన జనములో పుట్టిరి. బడిలోను సభలలోను అవమానములు పడిరి. సంస్కృతాంధ్రములు నేర్చి ఉభయ భాషా ప్రవీణ అనిపించుకొనిరి. ఏ పద్యమును, ఏ పదములను చూపి తమ్మును వెలుపల నిలిపిరో ఆ పద్యముతోనే, ఆ పదములతోనే 1941లో 'గబ్బిలము' వ్రాసిరి. గుడిలోనికి పోనేరని పేదవాడు తన కష్టమును శివునితో చెప్పుమని గబ్బిలమును కాశీకి పంపుటయే అందలి కథ. వారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చెను. మన పిల్లలకు సినిమా నటుల పుట్టినరోజులు తెలియును గాని ఈ పేరు తెలియదు.

అయితే ఇది చదివి, పెద్ద పెద్ద సంస్కృత సమాసములు మ్రింగవలెననుకొనువారు ఉందురేమో. అది పదసంపద కాదు, పదభారము. తెలియని భాషలో పదివేల మాటలకంటె బోధపడు అయిదు మాటలు మేలని పౌలు కొరింథీయులకు వ్రాసినది మేము ప్రసంగపీఠమెక్కు ప్రతిసారి జ్ఞాపకము చేసికొనవలసిన సంగతి. గిడుగు రామమూర్తిగారు వాడుక భాషకొరకు పోరాడిరి. కొండలలోని సవరల భాష నేర్చి, 1938లో దానికి నిఘంటువు వెలువరించిరి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యమున వ్యవసాయ వృత్తి పదకోశము వెలువడెను. దానికొరకు పండితులు రైతులయొద్దకు వచ్చి నాగలిలో ఏ భాగమును ఏ ఊరిలో ఏమందురో అడిగి వ్రాసికొనిరి. మేడి, కర్రు, నొగ, కాడి అను మాటలు పలుకుటకు సిగ్గుపడు యౌవనస్థుడు, పుస్తకములవారు ఆ మాటలకొరకు తన తాత ముంగిటికి వచ్చిరని ఎరుగవలెను.

కొందరు ఫోనులో బైబిలు వినుచున్నారు, మంచిదే. అయితే వినునప్పుడు తెలియని మాట నీటిలో చేపవలె జారిపోవును. ఇంటిలో ఒకరు గట్టిగా చదువుచు, తెలియని మాట క్రింద పెన్సిలుతో గీత గీయుడి. వారమునకు రెండు మాటలు చాలును. వాటిని చిన్న పుస్తకములో వ్రాసి ఆదివారము తెండి. అర్థము పక్కన మీరు దానిని వాడి పలికిన ఒక వాక్యము కూడ వ్రాయుడి, లేనియెడల ఆ మాట మీదికాదు. చదువురాని పెద్దలు తమకు పని లేదనుకొనవద్దు. సగము మాటలకు అర్థము వారియొద్దనే ఉన్నది.

ఈ నెల అందరును రూతు గ్రంథము చదువవలెను. అధ్యాయములు నాలుగే. అందులో పరిగె, పన, తూర్పారపట్టుట, విడిపించు అధికారము అను మాటలున్నవి. కోత అయిన చేనిలో పడిన వెన్నులను పరిగె ఏరి పొట్ట పోసికొనిన అవ్వలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. రెండవ అధ్యాయము చదివినప్పుడు వారిని మాట్లాడనిండు. రూతు ఒక దినమున ఏరి దుళ్లగొట్టినది తూమెడు యవలు. తూము మీ ఊరిలో ఎన్ని కుంచములో, కుంచము ఎన్ని మానికలో పెద్దలను అడిగి రండి, ఊరూరికి మారును. దీపమును కుంచము క్రింద పెట్టరను మాట చదివి, బొమ్మలు వేయు కుంచె క్రింద దీపమెట్లు పట్టునని ఒక బాలుడు అడిగెను. వాని తప్పేమున్నది, వాడు కిలోలు పుట్టిన తరువాత పుట్టినవాడు. ఎవరి అటకమీదనైన పాత కుంచము మిగిలియున్నయెడల రెండవ ఆదివారము గుడికి తెండి. పిల్లలు దానిని పట్టుకొని చూచి, గింజలు పోసి కొలిచెదరు.